నాయకుణ్ణి బోర్లా పడుకోబెట్టిన రోజు

మా వైపు చౌరస్తాల్లో నిలబడి ఉన్న నాయకుల్లో చాలామంది బుగ్గలు నేను నునుపు చేసినవే. గొప్ప కోసం చెప్పడం లేదు, అది నా ఉద్యోగం. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డులో పాలిష్ పట్టేదాన్ని. మగవాళ్ళు ఉలితో చెక్కి పక్కకు జరిగాక, మేం ఆడవాళ్ళం నీళ్ళు పోసుకుంటూ ముందు గరుకు రాయితో, తర్వాత సన్న రాయితో రుద్దేవాళ్ళం. ఇప్పుడు మీకు మిషన్లు వచ్చాయి. గిర్రున బిళ్ళ తిరుగుతుంది, మధ్యాహ్నానికల్లా నాయకుడు తళతళలాడతాడు. మా కాలంలో ఒక్కొక్క నాయకుణ్ణి మెరిపించడానికి నెల పట్టేది. అంత కష్టపడి మెరిపించాల్సిన సరుకు వాళ్ళలో ఏముందని మాత్రం అడగొద్దు. రుద్ది రుద్ది నా వేళ్ళ మీద గీతలన్నీ పోయాయి. రేషన్ షాపులో మిషన్ మీద వేలు పెడితే నేను లేనే లేనంటుంది. దేవునికి స్తోత్రం, పైన ఆయన వేలిముద్ర అడగడు.

నేను బడికి పోలేదు. మా నాయన చర్చిలో ఉపదేశి. ఇంట్లోనే కూర్చోబెట్టి, బైబిలు ముందు పెట్టి అక్షరాలు నేర్పాడు. అందుకే నాకు ముందు చదవడం వచ్చిన పేర్లన్నీ ప్రవక్తలవి. ఉపదేశి కూతురు పోయి దేవుళ్ళ విగ్రహాలకు పాలిష్ పడుతుందా అని మా సంఘంలో కొందరు చాలా బాధపడ్డారు. అంత బాధపడిన వాళ్ళలో ఒక్కరు కూడా నాకు వేరే పని చూపించి తమ బాధ తగ్గించుకోలేదు. వాళ్ళ కోసం ఇప్పటికీ ప్రార్థన చేస్తాను. పని ఇచ్చింది మా పెద్దాచారి. షెడ్డులో చెక్కేవాళ్ళందరికీ ఆయనే గురువు. "రాయికి నీ మతం తెల్దు మ్మే, నీ చెయ్యి తెలుస్తుంది. రుద్దు" అన్నాడు. ఇరవై ఏళ్ళకు పైగా రుద్దాను.

నేను చెప్పబోయేది తొంభైల చివర్లో జరిగిన సంగతి. అప్పుడు మా షెడ్డులో ఒక నాయకుడు అడ్డంగా నిలబడి ఉండేవాడు. నల్లరాయి విగ్రహం. పంచె, లాల్చీ, చెప్పులు, కుడిచెయ్యి నిటారుగా ఆకాశానికి ఎత్తి జనానికి అభయం ఇస్తున్నాడు. అభిమానులు చేయించారు. ఆ మనిషి బతికే ఉన్నాడు, అయినా అభిమానులు ఆగలేకపోయారు. తీరా ముఖం చెక్కే వేళకు ఆయన పార్టీ మారాడు. అభిమానులు మారలేదు, మా షెడ్డు వైపు రావడం మానేశారంతే. అప్పటినుంచి ఆ ముఖంలేని అభయం మా దారికి అడ్డం. మేం నీళ్ళ బకెట్లు పట్టుకొని ఆయన పొట్ట చుట్టూ తిరిగి పోవాలి. ఆ పొట్ట మాత్రం చాలా బాగా కుదిరింది.

అదే ఏడాది మంచుకొండల్లో యుద్ధం జరిగింది. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య రోడ్డు పక్కనున్న ఒక ఊరి కుర్రవాడు ఆ యుద్ధంలో పోయాడు. నంద్యాలలో వెంటనే ఒక కమిటీ పుట్టింది. దాని అధ్యక్షుడు ఆ ఊరివాడే, కాపురం నంద్యాలలో. తెల్లబట్టలు, వెనక ఇద్దరు మనుషులు, మాట్లాడితే మీసం మీద చెయ్యి. పాత గొడవల కాలంలో చాలా ధైర్యవంతుడని పేరు. ఆ పేరు చెప్పేది ఎక్కువగా ఆ వెనక ఇద్దరే.

అధ్యక్షుడు మా షెడ్డుకు వచ్చి, సైనికుడి ఫోటో పెద్దాచారి చేతిలో పెట్టి, చుట్టూ చూశాడు. ఆయన కన్ను మా అభయం మీద పడింది.

"ఏమప్పా ఆచారీ, ఈయప్పకు మొగం లేదే! ఈయప్పనే మార్చరాదా? చెయ్యి ఎత్తే ఉంది. చేతిలో జెండా పెడితే సరిపాయ. కొండ మీద నిలబడి జెండా ఎగరేస్తాండాడు అనుకుంటారు."

"పొట్ట ఉందే అన్నా" అన్నాడు పెద్దాచారి.

"మిలట్రీలో తిండి బాగుంటుందంటలేప్పా."

పెద్దాచారికి మనసొప్పలేదు. కానీ షెడ్డు యజమాని రాయి కదిలితే చాలన్నాడు. పంచె కుచ్చెళ్ళు చెక్కేసి ప్యాంటు తీశారు. లాల్చీ చొక్కా అయింది. రాయిలో ఎక్కువైంది తీయగలరు కానీ లేనిది పెట్టలేరు. పొట్ట ఎంత తీసినా, తీసిన గుర్తుగా ఇంకొంచెం మిగిలేది. ముఖం దగ్గరికి ఇంకా రాలేదు. ఆ సమయంలో సైనికుడి భార్య వచ్చింది.

ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్ల. బస్సు దిగి చెప్పులు చేతిలో పట్టుకొని షెడ్డులోకి వచ్చింది, గుడిలోకి వచ్చినట్టు. విగ్రహం చుట్టూ ఒకసారి తిరిగి నా పక్కన నిలబడింది.

"ఈయనెవరక్కా?" అంది.

మీ ఆయనేనమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఇంకా పూర్తి కాలేదు మ్మే" అన్నాను.

ఆ పిల్ల కూర్చుంది. నేను రుద్దుతూనే ఉన్నాను. కాసేపటికి తనే చెప్పింది. యుద్ధంలో ఆమె భర్త పోయింది కొండ మీద కాదు, కొండ లోపల. శత్రువులు రాళ్ళ కింద సొరంగం లాంటి దారి తవ్వుకొని లోపల దాక్కుంటే, దాంట్లోకి దూరాడు. శవాన్ని ఆ బొక్కలోంచే బయటికి లాగారు. ఆ ఒక్క మాటే ఊరికి చేరింది. మిగతా కథ దారిలో ఎక్కడో రాలిపోయింది.

"బోరింగు కాడికి పోతే ఆడోళ్ళు మాట ఆపేస్తారక్కా. 'పాపం, ఆయప్ప భయపడి బొక్కలో దూరినాడంట' అంటాండారు. మొగోడంటే బజార్లో రొమ్ము ఇరుచుకోని నిలబడాలంట. దాక్కోని సచ్చినోని పెండ్లాం అని నన్ను అంటాండారు. నేను ఇంకా యాభై ఏండ్లు ఆ బోరింగు కాడికే పోవాల గదా."

మీరు ఇప్పటి పిల్లలు, మీకు నవ్వు రావచ్చు. మా సీమలో అప్పటి లెక్క వేరు. వీరుడు వీధిలో ఉంటాడు, పిరికివాడు గుంతలో ఉంటాడు. అంతకుమించి యుద్ధశాస్త్రం మాకు ఎవరూ నేర్పలేదు. ప్రాణం పోయేదాకా చీకట్లోకి పాకిపోయిన వాణ్ణి ఏ వరుసలో కూర్చోబెట్టాలో ఊరికి తెలియలేదు. తెలియనప్పుడు ఊరుకునే అలవాటు ఊళ్ళకు ఉండదు.

అధ్యక్షుడికీ ఆ బొక్క సంగతి సిగ్గుగానే ఉంది. శిలాఫలకం మీద "కొండ శిఖరంపై నిలబడి పోరాడి" అని రాయించమన్నాడు. ఆ పిల్లకు అది చదివి వినిపించింది నేనే.

"శిఖరం మీద పోలేదక్కా ఆయన. అబద్ధం రాస్తే, నిజం దాపెట్టినారు అంటారు. అప్పుడు ఊరు చెప్పిందే నిజమైతుంది" అంది.

ఏం తెలివైన పిల్ల! కమిటీ మొత్తానికి తట్టనిది ఆమెకు తట్టింది. ఆ రోజు నేను ఆమె కోసం ప్రార్థన చేశాను. జవాబుగా ప్రభువు ఒక చెవిటివాణ్ణి పంపించాడు.

పూర్తి చెవిటివాడు కాదు. ఆ సొరంగంలో పేలిన చప్పుడుకు ఒక చెవి పోయింది, రెండోది సగమే పనిచేస్తుంది. నందికొట్కూరు వైపు వాడు, చనిపోయిన వాడితో కలిసి ఆ బొక్కలోకి దూరిన సైనికుడు. మిత్రుడి భార్యను చూడ్డానికి వచ్చాడు. ఆమె అతణ్ణి నేరుగా షెడ్డుకు తీసుకొచ్చింది. అధ్యక్షుడు కూడా ముఖం ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి అప్పుడే దిగాడు. సైనికుడికి వినబడదు కాబట్టి అందరం అరిచి మాట్లాడాలి. తన గొంతు తనకు వినబడదు కాబట్టి అతనూ అరిచే మాట్లాడతాడు. ఆ రోజు మా షెడ్డులో రహస్యమనేది లేకుండా పోయింది.

"ఆయప్ప పోయేటప్పుడు మొగం ఎట్లుండెనప్పా? కోపంగానా, నవ్వుతానా?" అని పెద్దాచారి అరిచాడు. చెక్కేవాడికి కావలసింది అదే కదా.

"మొగం నేను సూడలా" అన్నాడు అతను.

"పక్కనే ఉంటివి గదా?"

"పక్కన కాదు, ఎనక. ఆడ ఒక మనిషి పట్టేంతే సందు. పైన రాయి ఈపుకు తగులుతాంటుంది. లోపలుండే తుపాకి కింద నుంచి ఎక్కేటోళ్ళను రాలగొడతాంది. పై నుంచి ఏమేసినా లోపలికి పోల్యా. దూరాల్సిందే. ఎవరు ముందు అన్నారు. 'నేను పోతా, మా ఊర్లో జొన్నల పాతరలోకి దిగేది నేనే, చీకట్లో నాకు అలవాటే' అన్నాడు."

పాతర అంటే మీలో కొందరికి తెలియకపోవచ్చు. ధాన్యం దాచుకోవడానికి భూమిలో తవ్విన గుంత. పైన మూతి ఇరుకు, లోపల వెడల్పు. ఏడాదికోసారి మూత తీస్తే లోపలి గాలి మనిషిని పడగొడుతుంది. అందుకే దిగే పని ఊళ్ళో ఒకరిద్దరికే వచ్చు.

"ఎట్ల పోయినారు, చూపియ్యి" అన్నాడు పెద్దాచారి.

ఆ మనిషి మా షెడ్డులో, రాతి దిమ్మెల మధ్య, రాళ్ళ పొడిలో బోర్లా పడుకున్నాడు. ఒక చెయ్యి ముందుకు చాచాడు. చెంప నేలకు ఆనించాడు. కాలి వేళ్ళు నేలకు గుచ్చి, మోచేతుల మీద ఒక్కొక్క జానెడు లాగుకుంటూ రెండు దిమ్మెల సందులోకి పోయాడు. లోపల నుంచే చెబుతున్నాడు, అరుస్తూ.

"ముందర వాని బూట్లు. నాకు కనపడేది ఆ రెండు అడుగులే. అవీ కనపడవు, చేత్తో తడుముకునేది. బూటు కదిలితే నేను కదిలేది. మద్దెలో ఒకసారి ఆగినాయి. తగిలిందన్నా నీకు, ఎనక్కి లాగుతా అన్నా. జవాబియ్యలా. మళ్ళా కదిలినాయి. ఈసారి నిమ్మళంగా. ఎంతో దూరం పోలా. బాంబు ఇసిరినట్లుండాడు, పెద్ద సప్పుడు. లోపల తుపాకి ఆగిపాయ. ఆ తర్వాత బూట్లు కదల్లా. అవి పట్టుకోనే బయటికి లాగినాను."

దిమ్మెల సందులోంచి అతని చెప్పులే మాకు కనబడుతున్నాయి. ఆ పిల్ల వాటినే చూస్తూ నిలబడింది. ఏడవలేదు.

పెద్దాచారి అతణ్ణి చూశాడు, మా నాయకుణ్ణి చూశాడు, మళ్ళీ అతణ్ణి చూశాడు. ఎత్తిన చెయ్యి. నిటారు కాళ్ళు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"రేయ్, చైన్ కప్పి తగిలించండ్రా. ఈయన్ను బోర్లా పడుకోబెట్టండి."

నా ఉద్యోగంలో అంత సంతోషకరమైన ఉత్తరువు ఇంకెప్పుడూ వినలేదు. గొలుసులు బిగించి మెల్లగా వంచితే, ఇన్నాళ్ళూ జనానికి అభయమిచ్చిన ఆ చెయ్యి ముందుకు చాచి దారి వెతుకుతున్న చెయ్యి అయింది. పొట్ట నేలలోకి పోయింది. ముఖం ఎలా చెక్కాలన్న బాధే పోయింది, చెంప నేలకు ఆనింది కాబట్టి సగమే కనబడుతుంది. కాలి వేళ్ళు నేలకు గుచ్చుకొని పాదాలు నిలబడ్డాయి. కింది పీఠాన్ని కోసేస్తే పాదాలకు అంటుకున్న రాయిలో బూట్ల అడుగులు తీయడానికి సరిపడా మందం ఉంది. ఆ నాయకుడు నిలబడి ఏనాడూ చేయలేని పని పడుకొని చేశాడు. ఆయన్ను కూడా దేవుడు దీవించాలి.

అధ్యక్షుడికి మాత్రం దిమ్మ తిరిగింది.

"ఏందప్పా ఇది? తాగి పడిపోయినాడనుకుంటారు!"

"పైన రాతి పలకలు కప్పుతామన్నా, సొరంగం మాదిరి. సగం లోపల, సగం బయట" అన్నాడు పెద్దాచారి.

"ఏ సగం బయట?"

ఆ పిల్ల మొదటిసారి అధ్యక్షుడి ముందు నోరు తెరిచింది. "అడుగులు. రోడ్డు తట్టుకు అడుగులే కనపడాల."

"మ్మే, నీకేమన్నా మతి పోయిందా? మంత్రిగారు వస్తాండాడు. మంత్రికి కాళ్ళు సూపిస్తామా? వచ్చేటోళ్ళను పోయేటోళ్ళను తన్నినట్ల! అసలే ఊరు ఏమంటాందో తెల్దా నీకు? బొక్కలో దూరినోడు దాక్కున్నాడంటారు. నేననేది కాదు, జనం అనేది. ఆ దూరే బొమ్మనే మళ్ళా రోడ్డు మీద పెడితే ఎట్ల?"

"ఏందీ?" అన్నాడు చెవిటి సైనికుడు, సందులోంచి లేచి బట్టలు దులుపుకుంటూ.

"దాక్కున్నాడంటారప్పా జనం!" అధ్యక్షుడు అరిచాడు.

సైనికుడికి కోపం రాలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు. "దాక్కునేటోడు ఎట్ల దూరతాడన్నా?"

"ఎట్ల దూరేదేముంది? కాళ్ళు ముందు పెట్టి దిగుతాడు. మొగం మూతి తట్టు పెట్టుకోని కూసుంటాడు."

"ఏందీ?"

"మొగం బయటికి పెట్టుకుంటాడప్పా! లేకుంటే వచ్చేటోడు ఎట్ల కనపడతాడు?"

"ఏమోన్నా, నేనెప్పుడూ దాక్కోలా. నీకెట్ల తెలుసు?"

"నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుందప్పా!" అధ్యక్షుడి గొంతు చించుకుపోతోంది. "ఆ గొడవల యేడు వాళ్ళు కత్తులు పట్టుకోని వస్తే పొద్దస్తమానం వట్టి జొన్నల పాతరలో కూసుంది నేను గాదూ? మూతి తట్టు నుంచి కన్ను తిప్పింటే ఒట్టు!"

అధ్యక్షుడి చెయ్యి మీసం దాకా పోయి, అక్కడ ఏం చేయాలో తెలియక, కిందికి దిగింది. ఆయన ధైర్యసాహసాలను ఇన్నేళ్ళు ప్రచారం చేసిన ఆ ఇద్దరు మనుషులు షెడ్డు పైకప్పు రేకుల్ని శ్రద్ధగా పరిశీలిస్తున్నారు. నేను రుద్దుతున్న రాయి మీద ఇంకాసిన్ని నీళ్ళు పోసుకున్నాను. నవ్వొస్తే వంగి నీళ్ళు పోసుకోవడం మా పాలిష్ వాళ్ళ పద్ధతి.

సైనికుడు మాత్రం మెల్లగా, అంటే అతనికి చేతనైనంత మెల్లగా, అన్నాడు. "అయితే సరిపాయ గదన్నా. నాకు కనపడింది మొగం కాదు, అడుగులు."

మా సీమలో గొడవలప్పుడు వట్టి పాతరలోకి దిగి దాక్కున్న పెద్దమనుషులు ఆయన ఒక్కడే కాదు. ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అందుకే ఆ లెక్క చెప్పగానే ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. అడుగులు బయటికి ఉన్నాయంటే మనిషి లోపలికి పోతున్నాడు. అంతే. పాతర తెలిసిన వాడికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

అధ్యక్షుడు తెల్లచొక్కా సర్దుకున్నాడు. తర్వాత ఎంతో ఉదారంగా చెయ్యి ఊపాడు.

"సరేలేప్పా ఆచారీ, ఆ పిల్ల ఎట్ల సెప్తే అట్లనే చెయ్యి. మన బిడ్డ గదా." రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి, మా ఆడవాళ్ళ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఈడ మాట ఈడనే ఉండాలమ్మా."

"ఏందీ?" అన్నాడు సైనికుడు.

ఆ మాట అక్కడే ఉంది. మేమెవరమూ చెప్పలేదు. అయినా సాయంత్రానికల్లా ఆ ఊరికి ఎలా చేరిందో ప్రభువుకే తెలియాలి. బస్సుల్లో మనుషులు చాలామంది తిరుగుతుంటారు. అధ్యక్షుడు ఇప్పుడు లేడు. ఆయన నా మీద కోపం పెట్టుకోడనుకుంటాను. నిజం చెప్పినందుకు నేనాయనకు ఎప్పుడూ రుణపడే ఉన్నాను, చెప్పడం ఆయన ఉద్దేశం కాకపోయినా.

ఆ బూట్ల అడుగులకు పాలిష్ పట్టింది నేనే. ఎంతో అందమైన బుగ్గలకు పట్టని జాగ్రత్త వాటికి పట్టాను. సన్న రాయి దాకా పోనివ్వలేదు. అడుగులు అద్దంలా మెరిస్తే ఎక్కడికీ నడవని కాళ్ళలాగుంటాయి. గీతలు గరుకుగా వదిలేసి, మడమల దగ్గర కొంచెం అరిగినట్టు చేయమన్నాను. పెద్దాచారి నా మాట విని ఉలి పట్టాడు. పాలిష్ పట్టేదాని మాటకు ఉలి కదలడం మా షెడ్డులో అదే మొదటిసారి. శిలాఫలకం మీద శిఖరం పోయింది. "శత్రువు సొరంగంలోకి అందరికన్నా ముందు వెళ్ళినవాడు" అని చెక్కారు.

ప్రారంభం రోజు మంత్రి గారు పెద్ద పూలదండతో వచ్చి ఇబ్బందిలో పడ్డారు. దండ వేయాలంటే మెడ కావాలి. మెడ సొరంగం లోపల ఉంది. దండను చేతిలో పట్టుకొని రాతి పలకల చుట్టూ ఒకసారి ప్రదక్షిణ చేశారు. నాయకులు ఇలా మెడ కోసం వెతుక్కోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆఖరికి వేరే దారి లేక, దాన్ని బూట్ల అడుగుల దగ్గర పెట్టి, పెట్టాక చేతులు ఏం చేయాలో తెలియక, ఆ అడుగులకు తాకించి కళ్ళకద్దుకున్నారు. మంత్రి చేస్తే కలెక్టరాఫీసు వాళ్ళు చేశారు. వాళ్ళు చేస్తే అధ్యక్షుడు చేశాడు. ఆయన వంగేటప్పుడు ఊరి జనంలోంచి ఎవరో దగ్గారు. తర్వాత ఊరు కదిలింది. బోరింగు దగ్గర మాట ఆపేసే ఆడవాళ్ళు కూడా వరుసలో నిలబడి వచ్చి, ఒక్కొక్కరే వంగి ఆ అడుగులు తాకారు. ఆ పిల్ల పక్కనే నిలబడింది. వాళ్ళు తలెత్తి ఆమె ముఖం వైపు చూసేటప్పుడు తను చూపు తిప్పుకోలేదు.

జీపులన్నీ పోయాక షామియానా విప్పుతున్నారు. మా ఊరికి పోయే బస్సు కోసం నేనూ, నాకు తోడుగా ఆ పిల్లా రోడ్డు పక్కన నిలబడ్డాం. నంద్యాల నుంచి వస్తున్న బస్సు ఆగింది. కండక్టరు ఒక కాలు మెట్టు మీద పెట్టి, తల బయటికి వంచి, కొత్తగా వెలిసిన ఆ రాళ్ళ వైపు చూశాడు.

"ఎవరక్కా ఆ పడుకున్నాయప్ప?"

నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల చెప్పింది. గట్టిగా, బస్సులో వెనక సీటుదాకా వినబడేట్టు.

"పడుకోల్యాన్నా. లోపలికి పోతాండాడు."